తలల లెక్క, దారి లెక్క

మా కళాశాలలో చేరిన మన్యపు విద్యార్థి నొకనిని, తరగతి ముగిసిన తరువాత, మాటవరుసకు అడిగాను: "బస్సు దిగాక మీ ఊరు ఎంత దూరమోయ్?" అతడు కొంచెం ఆలోచించి, "ఎప్పుడండీ మాస్టారూ? ఎండల్లోనా, వానల్లోనా?" అన్నాడు. పరిహాసమనుకొన్నాను. కాదు. ఎండల్లో గెడ్డ దాటితే రెండు గంటల నడక. గెడ్డ పొంగితే కొండ చుట్టి రావాలి, పూటంతా పడుతుంది.

ఆనాటినుండి జనాభా లెక్కల పుస్తకాన్ని చూచే నా చూపు మారింది. 2011 జిల్లా జనగణన పుస్తకంలో ప్రతి రెవిన్యూ గ్రామానికీ ఒక వరుస ఉన్నది: జనం ఎంతమంది, బడి ఉన్నదా, ఆసుపత్రి ఉన్నదా, బస్సు వస్తుందా అని. బస్సు రాని ఊరైతే, అది దొరికే దూరాన్ని ఒక్క అక్షరం చెబుతుంది. అయిదు కిలోమీటర్ల లోపయితే 'ఎ', పది లోపయితే 'బి', పది దాటితే 'సి'. పదకొండూ 'సి'యే, నలభయ్యీ 'సి'యే. గెడ్డ పొంగే సంగతి చెప్పడానికి ఆ వరుసలో గడి లేదు.

జనసంఖ్యకు మాత్రం గొప్ప అధికారం ఉన్నది. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన దానినే కొలబద్దగా తీసుకొన్నది. మైదానాలలో 500 మంది, కొండ, ఎడారి, గిరిజన ప్రాంతాలలో 250 మంది ఉన్న ఆవాసానికి అన్ని కాలాలలోను నడిచే బాట వేయాలని నియమం. ఆ నియమం చేసిన మేలు చిన్నది కాదు. లక్షకు మించిన పల్లెలకు దారి వచ్చినది. 2024లో ఆమోదం పొందిన నాలుగవ దశ మరి 25,000 ఆవాసాలను చేరదలచినది. దానికి ఆధారం 2011 నాటి తలల లెక్కే. 2021లో జరుగవలసిన గణన జరుగనే లేదు.

'రహదారి' అనే మాట మనకు పారశీకం నుండి వచ్చినది. మొగలాయీల కాలంలో రహదారీ అంటే బాటవెంట పోయే సరకు మీద వసూలు చేసే సుంకం. నేడు ఆ సుంకాన్ని తలల రూపంలో అడుగుతున్నామా అనిపిస్తుంది. 250కి పదిమంది తక్కువైన కొండపల్లెను తలచుకోండి. దారి లేదు గనుక ఉపాధ్యాయుడు నిలువడు. పొరుగువారు పిల్లనివ్వడానికి సంకోచిస్తారు. చదువుకొన్న కుర్రవాడు విశాఖపట్నం పోతాడు. దారి లేక జనం తగ్గుతారు. జనం తగ్గారని దారి రాదు.

పాడేరు మన్యంలో నిండు చూలాలిని డోలీలో మోసుకొని, అంబులెన్సు నిలిచే చోటికి చేర్చిన వార్తలు మనం తరచు చదువుతూనే ఉన్నాము. డోలీకి ఇద్దరు మోసేవారు కావాలి. వారు అలసినప్పుడు భుజం మార్చడానికి మరి ఇద్దరు. పెద్ద ఊళ్లో భుజాలు దొరుకుతాయి. పదిండ్ల పల్లెలో, మగవారు కూలికి పోయిన వేళ, ఎవరు దొరుకుతారు? కనుక ఊరు చిన్నదైనకొద్దీ దారి అవసరం తగ్గదు, పెరుగుతుంది.

కొండను తొలిచి ముప్ఫయి ఇండ్లకు తారురోడ్డు వేయడం తేలికయిన పని కాదని నేనెరుగుదును. అడవిలో అనుమతులు కావాలి. ఖజానాకూ హద్దు ఉన్నది. అయినా సంఖ్య మార్చరానిదేమీ కాదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఆదిమ గిరిజన సమూహాల ఆవాసాలకు దానిని 100కు దించినది. ఆ పల్లెలలో కొన్నిటికి ముందుగా కావలసినది గెడ్డ మీద ఒక కాలివంతెన మాత్రమే కావచ్చును.

2027 జనగణనకు 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. తలలు ఎన్నో లెక్కించేవారు, జబ్బుమనిషిని మోసుకొని బస్సుదారి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడ అడిగి వ్రాసుకోవాలి. అడిగేటప్పుడు, మా విద్యార్థి నన్నడిగినట్లే, ఎండల్లోనా, వానల్లోనా అని రెండుసార్లు అడగాలి.