రెండు గీతల యంత్రం

కృష్ణకు నీళ్లొచ్చే రోజుల్లో మా ఉయ్యూరు సెంటర్లో టీ కొట్టు దగ్గర మాటలన్నీ అంకెల్లో నడుస్తాయి. "మూడు తొంభై ఏడు దాటిందా అన్నాయ్?" అని ఒకరడిగితే, "ఇంకా లేదురా, పులిచింతల నుంచి వదిలింది రావాలి కదా" అంటారు ఇంకొకరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. బడికి పోనివాళ్లకు కూడా ఇవి నోటికొచ్చు.

నది గంటగంటకూ మారుతూనే ఉంటుంది. లక్షన్నర, రెండు, రెండున్నర అంటున్నంతసేపూ ఎవరి పని వాళ్లది. ఒకానొక గీత దాటాకే ఆ మార్పు కబురవుతుంది. అప్పుడు తోట్లవల్లూరు వైపు లంకల్లో పసుపు, కంద, అరటి వేసినవాళ్లు మోటార్లు విప్పుకుంటారు, గేదెల్ని కరకట్ట మీదికి తోలుకొస్తారు.

నా బతుకుతెరువు కూడా ఇలాంటి గీతలు గీయడమే. నదికి కాదు, నెట్‌వర్కులకు. ఏ లింకు నిండిపోతోంది, ఏ సర్వర్ డిస్కులో చోటు అయిపోవస్తోంది, ఏ పెట్టె మూగబోయిందని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌కు, "ఇది దాటితే మమ్మల్ని లేపు" అని చెప్పి పెట్టాలి. చూడ్డానికి ఒక గడిలో ఒక అంకె నింపే పని. కానీ ఆ గడి వెనక తొంభై ఏళ్ల కథ ఉంది. అది ఒక సముద్రజీవి నరంలో మొదలైంది.

ముందు మేడ మీది నీళ్ల ట్యాంకు సంగతి చూద్దాం. నీళ్లు సగానికి తగ్గితే మోటారు ఆన్ కావాలి, సగం దాటితే ఆఫ్ కావాలి అని ఒకే గీత పెట్టామనుకోండి. సగం దగ్గర నీళ్లు కాస్త అలలాడితే చాలు, మోటారు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. రెండు రోజుల్లో స్టార్టర్ కాలిపోతుంది. అందుకే ఆటోమేటిక్ మోటారుకు రెండు గుర్తులుంటాయి. అడుగున ఉన్న గుర్తు దాకా తగ్గితే ఆన్, పైగుర్తు దాకా నిండితే ఆఫ్. మధ్యలో ఎంత ఊగినా పట్టించుకోదు. మెకానిక్కులు ఎప్పటినుంచో ఎరిగిన ఈ కిటుకును ఎలక్ట్రానిక్స్‌లోకి తెచ్చినవాడు ఒట్టో ష్మిట్.

1934లో ష్మిట్ అమెరికాలోని సెయింట్ లూయీలో పరిశోధక విద్యార్థి. ఇరవయ్యొక్కేళ్లవాడు. స్క్విడ్ అనే సముద్రజీవి నరాల మీద పనిచేస్తున్నాడు. మన నరప్పోగులు కంటికి ఆనవు గానీ స్క్విడ్‌కు ఉన్న ఒక నరప్పోగు మామూలు కంటికి కనిపించేంత లావు. నరప్పోగుకు ఒక గుణం ఉంది. చిన్నచిన్న తాకిళ్లకు పలకదు. ఒక హద్దు దాటిందా, నిండుగా పలుకుతుంది. సగం పలకడమన్నది లేదు. ఈ గుణాన్ని రేడియో వాల్వులతో తయారు చేయాలని ష్మిట్ కూర్చున్నాడు. రెండు వాల్వులు కలిపి, బయటికొచ్చే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి లోపలికే అందించాడు. దాంతో సర్క్యూట్‌కు తానిప్పుడు ఏ స్థితిలో ఉన్నదీ గుర్తుంటుంది. కింద ఉన్నప్పుడు పైగీత దాటితేనే పైకి దూకుతుంది. పైన ఉన్నప్పుడు కిందిగీతకు దిగితేనే కిందికి పడుతుంది. 1938లో దీన్ని వ్యాసంగా అచ్చు వేశాడు. ఆ సర్క్యూట్‌నే లోకం ష్మిట్ ట్రిగ్గర్ అంటోంది.

ఆ రెండు గీతల మధ్య ఎడానికి హిస్టెరిసిస్ అని పేరు. ఇనుము అయస్కాంతంగా మారే తీరును పరిశీలిస్తూ జేమ్స్ ఆల్ఫ్రెడ్ ఈవింగ్ 1880ల తొలినాళ్లలో పెట్టిన పేరది. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో 7414 అనే చిప్పుతో చేతులు కాల్చుకోని పిల్లలు తక్కువ. దాంట్లో ఆరు ష్మిట్ ట్రిగ్గర్లుంటాయి. అయిదు వోల్టుల కరెంటు ఇస్తే పైగీత దాదాపు 1.7 వోల్టుల దగ్గర, కిందిగీత 0.9 దగ్గర ఉంటాయి. ఆ 0.8 వోల్టుల ఎడం అచ్చంగా ట్యాంకులోని రెండు గుర్తుల మధ్య దూరమే.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం పెరిగాక, వాటిని దూరం నుంచి కనిపెట్టే పద్ధతి కావలసివచ్చింది. 1988లో జెఫ్రీ కేస్, మార్క్ ఫెడోర్, మార్టిన్ షోఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ కలిసి ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిని రాశారు. దాంట్లో రెండు రకాల సంభాషణ ఉంది. ఒకటి మనం అడిగితే పరికరం చెప్పడం. రెండోది మనం అడక్కుండానే పరికరం కేక వేయడం. ఆ కేకకు ట్రాప్ అని పేరు. అయితే ఎప్పుడు కేక వేయాలి? 1991లో వచ్చిన ఆర్‌మాన్ అనే ప్రమాణం దీనికి ఒక జవాబు రాసిపెట్టింది. ప్రతి అలారానికీ ఎక్కే గీత ఒకటి, దిగే గీత ఒకటి. ఎక్కే గీత దాటితే ఒక్కసారే కేక. మళ్లీ దిగే గీత దాకా వచ్చేవరకు రెండో కేక లేదు. అంటే ష్మిట్ వాల్వులతో చేసినదాన్నే ఇక్కడ సాఫ్ట్‌వేర్ నియమంగా రాశారు. అది మొదటిసారి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

సంతోషానికి కారణం అంతకుముందు పడ్డ పాట్లు. ఒకచోట పనిచేసేటప్పుడు లింకు 80 శాతం నిండితే ఫోనుకు కబురు రావాలని ఒకే గీత పెట్టారు. ఒక రాత్రి ఆ లింకు 79కీ 81కీ మధ్య ఊగింది. నిండింది, తగ్గింది, నిండింది, తగ్గింది అని తెల్లార్లూ ఫోను మోగుతూనే ఉంది. చివరికి నేను ఫోను బోర్లించి పడుకున్నాను. అసలు లింకు తెగిపోయిందన్న కబురు ఆ గుట్టలోనే ఉంది. పొద్దున్నే చూశాను. అలారాల వరద మనిషిని చెవిటివాణ్ని చేస్తుంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైనప్పుడు, మొదటి నిమిషాల్లోనే కంట్రోల్ రూములో వందకు పైగా అలారాలు మోగాయి. ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి అక్కడివాళ్లకు దారే లేకపోయింది.

ఇప్పుడు మా ఊరి వీధుల్లో ఈ కథ కరెంటు స్తంభాల మీద నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగడం దాని ప్రత్యేకత. గడ్డి ట్రాక్టరు ఎత్తుగా లోడు వేసుకుని వచ్చిందంటే, కిందికి జారిన తీగ దానికి చిక్కుకుంటుంది. తీగ తెగితే ఇంట్లో పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతుంది, ఆపరేటరుకు ఫోన్లు వస్తాయి. అది సులువు. కష్టమంతా తెగకుండా నలిగిన తీగతో.

తీగలో వెలుతురు బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. ఆ అంకె మూడు తగ్గిందంటే వెలుతురు సగమైందన్నమాట. ఇళ్లలో ఉండే మామూలు పెట్టె మైనస్ 27 దాకా చదవగలదు, అంతకన్నా తగ్గితే గుడ్డిదే. మరి గీత ఎక్కడ పెట్టాలి? అందరికీ మైనస్ 25 అని పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు కొత్తవాళ్లు. సెంటరు దగ్గరి ఇంటికి ఎప్పుడూ మైనస్ 19 వస్తుంది. ఊరి చివరి ఇంటికి మైనస్ 24 వస్తుంది, అయినా ఏళ్ల తరబడి నిక్షేపంగా నడుస్తుంది. మొదటి ఇంటికి 19 నుంచి 23కు పడిందంటే తీగ ఎక్కడో మడత పడింది, లేదా అతుకు వదులైంది. గీత దాటలేదు గనక యంత్రం నోరెత్తదు. రెండో ఇంటి దగ్గర కాస్త ఊగితే చాలు, ఊరికే అరుస్తుంది. అందుకే ముందు కొన్ని వారాలు చూడాలి. ఏ ఇంటికి ఏది మామూలో రాసుకోవాలి. ఆ మామూలు నుంచి ఎంత జారితే కబురు, ఎంతసేపు జారి ఉంటే కబురు, ఎక్కడికి తిరిగొస్తే "సర్దుకుంది" అన్న కబురు, ఇవన్నీ విడివిడిగా చెప్పాలి.

గోదావరి సంగతీ ఇంతే. భద్రాచలంలో మూడు ప్రమాద హెచ్చరికలకు 43, 48, 53 అడుగులు అంటారు. అదే నీళ్లు ధవళేశ్వరం చేరేసరికి లెక్క 10, 13, 17 లక్షల క్యూసెక్కులు అవుతుంది. నది ఒకటే అయినా ఒకచోటి అంకె ఇంకోచోట పనికిరాదు.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్లకు రకరకాల ఉపాయాలున్నాయి. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో మొదలుపెట్టి తర్వాత నాగియోస్ అని పేరు మార్చినది, ఒకసారి చెడ్డ జవాబు రాగానే నమ్మేయదు, మళ్లీ మళ్లీ అడిగి చూస్తుంది. ఏదైనా పరికరం చెడుతూ బాగుపడుతూ ఊగిసలాడితే, వెనకటి 21 పరీక్షల ఫలితాలు చూసి నోరు మూసుకుంటుంది. ఆ ఊగిసలాటను గుర్తించడానికీ దానికి రెండు గీతలే. జాబిక్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో 2016 నుంచి ఎక్కే షరతు ఒకటి, కోలుకునే షరతు వేరే ఒకటి రాసుకోవచ్చు.

ఎగువ సంగతి కూడా చెప్పాలి. కూడలిలో ఒక పెట్టె ఆగితే దాని కింద ఉన్న ఇళ్లన్నీ ఒక్కసారే మూగబోతాయి. రెండు వందల కబుర్లు రావాలా, ఒక్కటా? ఏది దేనికి ఎగువన ఉందో యంత్రానికి ముందే చెప్పి ఉంచితే ఒక్కటే వస్తుంది. పైనున్నదాన్ని మరిచిపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబర్ తొలి రోజుల్లో కళ్లారా చూశాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అదంతా ఎగువనున్న పులిచింతల డ్యామ్ నుంచి వచ్చింది కాదు. మునేరు పులిచింతలకు దిగువన కృష్ణలో కలుస్తుంది. పులిచింతల గేట్లనే చూస్తూ కూర్చున్నవాడికి మునేరు లెక్కలోకి రాదు. అదే సమయంలో బుడమేరు వాగు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. కృష్ణ అంకెలు నోటికొచ్చినవాళ్లమే, బుడమేరుకు అలాంటి అంకె ఏ టీ కొట్టు దగ్గరా ఎవరి నోటా నేను వినలేదు.

వరద తగ్గేటప్పుడు "మొదటి ప్రమాద హెచ్చరిక ఉపసంహరించారు" అని వార్త వస్తుంది. లంకలో సాగు చేసే మా బాబాయి ఆ మాట వినగానే మోటారు తీసుకుని బయల్దేరడు. రేవు దగ్గరి రావిచెట్టు మొదలు మీద ఒండ్రు గీత కనిపించాలి, దాని కింద మూరెడు మేర బెరడు ఆరాలి. ఆ రోజు దాకా మోటారు కరకట్ట మీది పాకలోనే, గోనెపట్టా కప్పుకుని ఉంటుంది.