పాత యాంప్లిఫయరు, కొత్త ట్రాన్సిస్టర్లు

మా యింట ఏబదియేండ్ల నాటి స్టీరియో యాంప్లిఫయరు గలదు. నా భార్య జీవించియున్నంత కాలము ప్రతిదినము వేకువను దానియందే కీర్తనలు వినెడిది. మొన్న కుడివైపు మూగవోయినది. రేడియోలు బాగుచేయు మిత్రుడు విప్పి చూడగా, ఆ వైపు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండును కాలియుండెను. వానిపై 2ఎన్3055 అను సంఖ్య గలదు.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు పుట్టిన ట్రాన్సిస్టరు, స్వల్ప విద్యుత్తుచే అధిక విద్యుత్తును నడపును. తూము తలుపెత్తు మనుజుని బలమెంత, పారెడి కాలువ బలమెంత!

వన్ టౌన్‌లో నొక యంగడియందు అదే సంఖ్య గలవానిని చౌకగా కొని, తొందరపెట్టి బిగింపించితిని. గడియలోనే కాలినవి. లోహపు టోపీ కోసి చూడగా, లోని సిలికాను పలుక కడు చిన్నది. 15 ఆంపియర్లు మోయవలసినదానికి అది చాలునా? సంఖ్య అసలుది, సరుకు నకిలీ. అయినను తప్పంతయు సరుకుది కాదు. వెనుకనున్న డ్రైవరు ట్రాన్సిస్టరు కూడ చెడియుండెను. దానిని నేను చూడనీయలేదు.

రెండవమారు డ్రైవరును మార్చి, నిరోధకములను కొలిచి, నమ్మకమైన వర్తకునివద్ద తెప్పించినవానిలో వృద్ధి సమానముగా నున్న జంటను మిత్రుడేరెను. అడుగున అభ్రకపు రేకు మరువలేదు. ఇప్పటివి పాతవానికంటె వేగము గలవగుటచే కొన్ని యంత్రములలో ఊళపెట్టుట కలదు. మాదానికి ఆ చిక్కు రాలేదు. పిమ్మట 60 వాట్ల తంతువు బల్బును వరుసలో గలిపి మీట నొక్కెను. బల్బు అట్లే వెలుగుచుండినచో లోపమున్నట్లే, తక్షణమే ఆపవలెను. అది మెరసి మసకబారినది. కుడివైపునుండి తంబుర వినవచ్చినది.