రాజీనామాలో రాయని కారణం

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ రెండూ 2023లోనే మొదలయ్యాయి. బ్యాంకులోను తీసి బీటెక్ చదివించిన ఇళ్లకు సొంత జిల్లాలో సాఫ్ట్‌వేర్ కొలువంటే పెద్ద సంబరం. అందుకే ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కంపెనీ చేయించే పని తప్పని తెలిస్తే ఆ ఇంజినీరు ఏం చేయాలి? మానేయమనడం తేలిక. మానేయడం కన్నా, ఎందుకు మానేశాడో కాగితం మీదికి ఎక్కడమే ముఖ్యమని నా వాదన. సత్యం కంప్యూటర్స్ వ్యవహారమే అందుకు సాక్ష్యం.

జరిగింది క్లుప్తంగా: ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు 2008 డిసెంబర్ 16న బోర్డు ఒప్పుకుంది. మదుపరులు తిరగబడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా పరమైంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చింది.

లేఖలో అంకెలు చూడండి. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలల నిర్వహణ లాభం పుస్తకాల్లో 649 కోట్లు, నిజానికి 61 కోట్లే. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఈ అబద్ధం ఎలా నిలబడిందో సీబీఐ దర్యాప్తులో తేలింది. ఇన్వాయిస్‌లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో ‘సూపర్ యూజర్’ అనే లాగిన్ ఉండేది. దాని ద్వారా ఎక్కించిన బిల్లుకు ‘ఎస్’ గుర్తు పెడితే అందరికీ కనిపిస్తుంది. ‘హెచ్’ పెడితే ఆ ప్రాజెక్టు చేసే వాళ్లకే కనిపించదు, ఫైనాన్స్ లెక్కల్లో మాత్రం ఆదాయంగా చేరుతుంది. అలా దాచినవి 7,561 ఇన్వాయిస్‌లు. ఈ వివరం దగ్గర కాసేపు ఆగాలి. ఇది బోర్డు గదిలో జరిగిన పని కాదు. ఇలాంటి ఏర్పాటు కోడ్‌గా రాసేవాళ్లు, డేటా ఎక్కించేవాళ్లు లేకుండా నడవదు. అలాంటి చోట ఒక ఉద్యోగి మౌనంగా పేపర్లు పెట్టి పోతే మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. ‘హెచ్’ గుర్తు అక్కడే ఉంటుంది.

సత్యం స్వతంత్ర డైరెక్టర్ మంగళం శ్రీనివాసన్ 2008 డిసెంబర్ చివర్లో రాజీనామా చేస్తూ, మేటాస్ ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటెయ్యనందుకు నైతిక బాధ్యత తీసుకున్నారు. అసమ్మతి నమోదు కావాల్సింది ఆ బోర్డు సమావేశంలోనే. అయినా కారణం చెప్పి వెళ్లారు, అది గౌరవించదగ్గ విషయం. చట్టం కూడా తర్వాత ఆ దారే పట్టింది. రాజీనామా చేసే డైరెక్టర్ తన కారణాలను కంపెనీల రిజిస్ట్రార్‌కు పంపుకోవచ్చని 2013 కంపెనీల చట్టంలో ఉంది. ఉద్యోగికి ఆ వీలు లేదు. ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి, నోటీసు పీరియడ్ చేసి, రిలీవింగ్ లెటర్ చేతికొస్తే చాలనుకుంటాడు. తర్వాతి ఉద్యోగానికి ఆ లెటరే ఆధారం కదా.

లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదు ఏర్పాటు ఉండాలని అదే చట్టం చెబుతోంది కదా అనొచ్చు. ఉంది, కానీ అది కంపెనీ గోడల లోపలే ఉంది. వ్యాపార రహస్యాలు బయటపడతాయన్న భయమూ న్యాయమైనదే. అయితే నేను కోరేది పత్రికలకెక్కడం కాదు. కారణం ముద్ర వేసిన కవర్లో రిజిస్ట్రార్ దగ్గరికి చేరితే చాలు, రహస్యం రహస్యంగానే ఉంటుంది. ఇక ఒక్కడి రాతతో ఏమవుతుందన్న మాట. ఒకే కంపెనీ నుంచి ఒకే కారణంతో మూడు కవర్లు వస్తే తనిఖీకి ఆధారం దొరుకుతుంది. లోను కంతులున్న నల్లగొండ కుర్రాడిని ఉద్యోగం వదులుకోమనే హక్కు మనకు లేదు. వదులుకున్న రోజున నిజం రాసే చోటు చూపించడం మాత్రం మన బాధ్యతే.

బాక్స్: వెళ్లాక రాసిన ఒకరు
ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన దినేశ్ ఠాకూర్ 2005లో రాన్‌బాక్సీ నుంచి తప్పుకున్నారు. మందుల పరీక్షల డేటాలో అవకతవకలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు తెలిపారు. 2013లో ఆ కంపెనీ అక్కడ నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. అక్కడి చట్టం ప్రకారం అందులో ఠాకూర్‌కూ వాటా దక్కింది.