చుట్టు చుట్టుకీ ఓ లెక్క!

పటమట దాటి ఆటోనగర్ వైపు అడుగేస్తే రకరకాల వాసనలు. డీజిలు, గ్రీజు, వెల్డింగ్ పొగ... వాటి మధ్యే కాస్త ఘాటుగా ఇంకో వాసన. వార్నిషుది! మోటారు వైండింగ్ దుకాణం దగ్గర్లోనే ఉందనడానికి అదే గుర్తు. గుమ్మంలో కాలిపోయిన నీళ్ల మోటార్లు, మూలన సీలింగ్ ఫ్యాన్లు, గోడకి వేలాడే రాగి తీగ చుట్టలు. 1966లో మొదలైన ఈ ఆటోనగర్‌కి లారీల వల్ల పేరొచ్చింది కానీ, చుట్టుపక్కల ఊళ్లకి ఈ వైండింగ్ పనివాళ్లూ అంతే ముఖ్యం.

అలాంటి దుకాణానికి అరచేతిలో ఇమిడిపోయే మోటారు ఒకటి పట్టుకెళ్లి 'ఇది చుడతారా అన్నా?' అని అడగండి. 'బొమ్మదా?' అన్న ప్రశ్నే ముందు వస్తుంది. బొమ్మదే. రిమోట్‌తో నడిచే రేసు పడవది. కాకపోతే పొలంలో పంపుసెట్టు మోటారు నిమిషానికి మూడు వేల చుట్ల లోపే తిరిగితే, ఈ బొమ్మ ఇరవై ముప్ఫై వేలు తిరుగుతుంది!

దీన్ని బ్రష్‌లెస్ మోటారు అంటారు. ఇంట్లో మిక్సీ చూడండి. తిరిగే భాగానికి కరెంటు అందించేవి 'కార్బన్లు'. అవి అరుగుతాయి, నిప్పురవ్వలు చిమ్ముతాయి. బ్రష్‌లెస్‌లో ఆ గొడవ లేదు. రాగి చుట్లు కదలవు, అయస్కాంతాలే తిరుగుతాయి. మూడు తీగల్లోకి వంతులవారీగా కరెంటు పంపే పని ఎలక్ట్రానిక్ బోర్డుది. విల్సన్, ట్రికీ అనే ఇద్దరు ఇంజినీర్లు 1962లోనే ఈ పద్ధతిని వివరించారు. ఇప్పుడు మన ఇళ్లలో ముప్ఫై వాట్లకు అటూఇటూగా తిరుగుతున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లదీ ఈ కుటుంబమే.

మరి అరిగేది లేనప్పుడు కాలిపోవడమెందుకు? కాలువలో పడవ వదిలి చూడండి, తెలుస్తుంది. నాచో గుర్రపుడెక్క వేరో ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. పడవ ఆగినా రిమోట్ మీద వేలు ఆగదు. కరెంటు ఎగబాకుతుంది, తీగ మీది ఎనామిల్ పూత కరుగుతుంది, చుట్టూ చుట్టూ కలిసిపోతాయి. రేసు మోటార్లను చల్లబరచడానికి సన్నటి గొట్టంలోంచి నీళ్లు పారిస్తారు. ఆ గొట్టంలో ఇసుక చేరినా అంతే సంగతులు.

'పోయింది, కొత్తది కొనుక్కోండి' అనేస్తారంతా. నిజానికి పోయిందేమిటి? వెంట్రుక మందం కూడా లేని ఎనామిల్ పూత! ఇనుప రేకుల పళ్లు బాగానే ఉన్నాయి. షాఫ్టు తిన్నగానే ఉంది. అన్నిటికన్నా విలువైనవి నియోడిమియం అయస్కాంతాలు. వీటి తయారీలో సింహభాగం చైనాదే. 2025 ఏప్రిల్‌లో అది అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెడితే మన దేశంలో వాహన కంపెనీలు సైతం కలవరపడ్డాయి. అలాంటిది చేతిలో ఉన్నదాన్ని చెత్తబుట్టలో వేస్తామా! అయితే సాధారణ రకం అయస్కాంతానికి 80 డిగ్రీలు దాటితే పస తగ్గిపోతుంది. అందుకే పని మొదలెట్టగానే దాన్ని విడదీసి వేడికి దూరంగా పెట్టాలి. అయస్కాంతం పగిలినా, షాఫ్టు వంగినా ఇక ఆశ వదులుకోవచ్చు.

అసలు పని కత్తెరతో కాదు, పెన్నుతో మొదలవుతుంది. ఏ పంటికి ఎన్ని చుట్లు, ఒక్కో చుట్టులో ఎన్ని పోగులు, తీగ గేజ్ ఎంత, ఏ పంటికి సవ్యంగా చుట్టారు, దేనికి అపసవ్యంగా... అన్నీ రాసుకోవాలి. సెల్‌ఫోన్‌తో ఫొటోలూ తీసుకోవాలి. ఆ తర్వాతే పాత తీగ కోయడం. తొందరపడి కోసేసి, ఆనక లెక్కలు వెతుక్కున్నవాళ్లే ఎక్కువ. పళ్ల అంచులు పదునుగా ఉంటే కొత్త తీగ పూత గీరుకుపోతుంది. సన్నటి ఇన్సులేషన్ కాగితమో, పూతో తప్పనిసరి. తీగ కూడా 180 డిగ్రీలు తట్టుకునే రకమైతే మేలు.

చుట్టేటప్పుడు ఓ దురాశ పుడుతుంది. పది చుట్ల చోట ఎనిమిదే చుడితే, అదే బ్యాటరీకి వేగం నాలుగోవంతు పెరుగుతుంది. పడవ దూసుకుపోతుందిగా! పోతుంది... కాసేపు. వేగం నాలుగోవంతు పెరిగితే అదే ప్రొపెల్లర్ లాగే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మళ్లీ అదే కాలిన వాసన. చుట్లు తగ్గించాలనుకుంటే ప్రొపెల్లర్‌నీ చిన్నది చేయాలి.

చివర్లో తీగల కొసలు కలపడం. మూడు కొసలు ఒకచోట ముడివేస్తే 'స్టార్'. త్రికోణంలా కలిపితే 'డెల్టా'. అదే మోటారును స్టార్ నుంచి డెల్టాకి మారిస్తే వేగం 1.73 రెట్లు. పంపుసెట్టు స్టార్-డెల్టా స్టార్టర్ తెలిసిన రైతుకి ఈ మాటలు కొత్తకాదు. గ్రీకు అక్షరం త్రికోణాకారంలో ఉంటుంది కాబట్టి నదీ ముఖానికీ, ఈ ముడికీ అదే పేరు. కృష్ణా డెల్టాలో డెల్టా కనెక్షన్ అన్నమాట!

పని కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చిన్న చిట్కా ఉంది. మూడు తీగల్లో రెండేసి చొప్పున కలిపి షాఫ్టును వేళ్లతో తిప్పాలి. మూడు జతల్లోనూ బిగువు ఒకేలా ఉంటే చుట్లు సరిగ్గా పడ్డట్టే. ఏ తీగా లోపలి ఇనుముకు తగలడం లేదని మీటరుతో చూసుకున్నాకే వార్నిషు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. వెలుపలి డబ్బా తిరిగే రకాన్ని చుట్టడం తేలిక. రేసు పడవల్లో ఎక్కువగా కనిపించే, లోపలి షాఫ్టు మాత్రమే తిరిగే రకంలో చుట్లు గొట్టం లోపల ఇరుకుగా ఉంటాయి. మొదటి ప్రయత్నం దానిమీద వద్దు. ఇంట్లో బీఎల్‌డీసీ ఫ్యాను ఆగినా వెంటనే తీగ కోయించకండి. చాలాసార్లు తప్పు బోర్డుదే.

'బొమ్మ కోసం ఇంత తంటానా' అనిపించవచ్చు. కైకలూరు, భీమవరం చెరువుల మీద తిరిగే ఏరేటర్‌నే తీసుకోండి. అదీ నీళ్లలో చక్రం తిప్పే మోటారే. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఆ వేళ మోటారు కాలి, మారుస్తానికి ఇంకోటి లేకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. రైతు పెట్టుబడి అంతా ఆ చుట్ల మీదే. ఆ పనికి అలవాటుపడ్డ వేళ్లకి పడవ మోటారు కొత్తది కావచ్చు, కష్టమైనది మాత్రం కాదు. కావాల్సింది కళ్లజోడూ, ఓపికా!

వైండింగ్ పనివాళ్ల దగ్గర నూనె మరకల నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. ఏ మోటారుకి ఎన్ని చుట్లో అందులోనే. మీరు వెళ్లినప్పుడు దాన్లో ఓ వరస రాయించండి: 'రేసు పడవ. పన్నెండు పళ్లు, పది చుట్లు, డెల్టా.'