పేరు లేని విల్లు

విల్లనగానే మనకు గాండీవము స్మరణకు వచ్చును. అమెరికాలో 1950 మొదలు 1970 వఱకు కొయ్యయు ఫైబరుగ్లాసును పొరలుగా నతికి, కొనలు ముందుకు వంగునట్లు చేసిన రికర్వు విండ్లు విరివిగా వెలువడెను. మిషిగన్‌లో ఫ్రెడ్ బేర్, ఆర్కన్సాస్‌లో బెన్ పియర్సన్ స్థాపించిన కర్మాగారములు ప్రసిద్ధములు. అట్టి విల్లొకటి పేరులేక తాతగారి సామానులో దొరకినచో, చేసినవారిని తెలిసికొనుట యెట్లు?

మొదట దానిని తోమరాదు, గీకరాదు. పాతసామాను శుభ్రపఱచు చేతులే తఱచుగా గుర్తులను చెఱపును. వింటిబద్దపై సిరాతో 45 పౌనులు, 28 అంగుళములు అని యుండవచ్చును. అనగా నారిని 28 అంగుళములు లాగుటకు 45 పౌనుల బలము వలయునని యర్థము. ఆ చేవ్రాలును, అది యున్న చోటును గమనింపవలెను. బేర్ విండ్లకు 1959 మొదలు లోహపుబిళ్ళ పొదుగుచుండిరి; అది యూడినను గుండ్రని గుంట మిగులును. అంటించిన ముద్ర చెఱిగినచోట వార్నీషు వన్నె మాఱియుండును. పిమ్మట పిడి యాకారమును, కొయ్యజాతిని, కొనల పొరలను నాటి ధరల పట్టికలలోని బొమ్మలతో పోల్చవలెను.

ఒక్క గుర్తు చాలదు. ఒక కర్మాగారమువారే యితర వర్తకుల పేరిటను విండ్లు చేసి యిచ్చుట కలదు. గుర్తులన్నియు కలియనిచో, "చేసినవారు తెలియరు" అని చీటి కట్టుటయే న్యాయము. ఊహించి పెట్టిన పేరు కొన్నవారికి మోసము, మనుమలకు అబద్ధపు ఆస్తి. మన యిండ్లలోని పాతవీణకును నిదియే వర్తించును.