పీయూసీ తరువాత లా చదువు

పీయూసీ అయ్యాక ఏం చదువు అంటే మన ఇళ్లలో ఇంజనీరింగు, డాక్టరీ అన్న మాటలే ముందు వినిపిస్తాయి. లా చదువుకు దేశంలో పేరుపొందిన నేషనల్ లా స్కూలు మాత్రం బెంగళూరు నాగరభావిలోనే ఉంది.

అక్కడ మొదటి తరగతులు 1988లో ప్రారంభమయ్యాయి. ఎన్.ఆర్. మాధవ మీనన్ వ్యవస్థాపక డైరెక్టరు. కోర్సు ఐదేళ్లు, చట్టంతోపాటు చరిత్ర, అర్థశాస్త్రం కూడా నేర్పుతారు. సెక్షన్లు బట్టీ పడితే చాలదు. తీర్పు ముందుగా చదివి వెళ్లి, న్యాయమూర్తి అలా ఎందుకు తేల్చారో తరగతిలో చెప్పగలగాలి. మూట్ కోర్టు అనే నమూనా న్యాయస్థానంలో వాదించడమూ నేర్చుకుంటారు.

ప్రవేశానికి క్లాట్ పరీక్ష రాయాలి. రెండు గంటలు, 120 ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులోనే. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. కన్నడ, తెలుగు మీడియం పిల్లలకు ఇది కొండలా కనిపిస్తుంది. అందుకే హైస్కూలు నుంచే రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివించండి. చదివినది సొంత మాటల్లో చెప్పించండి.

కర్ణాటకలో కనీసం పదేళ్లు చదివినవారికి 25 శాతం సీట్లు కేటాయించారు. ఇంటి భాష ఏదని అడగరు; ఎక్కడ చదివారన్నదే లెక్క. ఫీజు ఏటా లక్షల్లోనే. కాబట్టి ఆర్థిక సహాయం, బ్యాంకు రుణం సంగతి ముందే విచారించుకోవాలి.

కోలారులోనో బళ్లారిలోనో కోర్టు మెట్ల దగ్గర నిలబడ్డ రైతుకు తన దావా ఎంతవరకు వచ్చిందో తన భాషలో చెప్పేవారు కావాలి. రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు ఆ పని చేతనవును.