ఒక్క చిరునామా వెనుక ఒక దేశం

ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నాడని మన పెద్దవాళ్ళు అంటారు కదా! 2007 జనవరి 1న మన ఖతార్‌కి సరిగ్గా అలాంటిదే ఎదురైంది. అప్పట్లో ఖాతా లేకుండా ఇంగ్లీషు వికీపీడియాలో ఏదైనా దిద్దబోతే, ఇక్కడివాళ్ళకి "కుదరదు" అన్న సమాధానమే వచ్చింది. చదువుకోవడానికి మాత్రం అడ్డు లేదు.

కారణం చిన్నదే. ఒక ఐపీ చిరునామా నుంచి పదే పదే పిచ్చిరాతలు పడుతున్నాయని ఒక నిర్వాహకుడు దాన్ని నిరోధించారు. ఆ చిరునామా క్యూటెల్‌ది (2013 నుంచి ఊరెడూ అంటున్నాం). అప్పటికి దేశంలో వేరే ఇంటర్నెట్ కంపెనీ లేదు. ఇంటింటి వెబ్ ట్రాఫిక్ ప్రాక్సీ గుండా వెళ్ళి, బయటికి ఒకే చిరునామాతో కనబడేది. ఎవరో ఒకరి అల్లరికి దోహాలో హోంవర్క్ చేసుకునే పిల్లవాడూ, ఇంజనీరు గారూ కలిపి బయట నిలబడ్డారు! వికీపీడియా ఖతార్‌ని నిషేధించిందని వార్త ప్రపంచమంతా పాకింది. అది నిజం కాదని జిమ్మీ వేల్స్ చెప్పవలసి వచ్చింది. నిరోధం త్వరలోనే ఎత్తేశారు.

వికీపీడియాని నడిపే మీడియావికీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దీనికి అందులో ఒక ఉపాయం ఉంది. ప్రాక్సీ తాను పంపే ప్రతి అభ్యర్థనకీ "ఇది ఫలానా లోపలి చిరునామా నుంచి వచ్చింది" అని ఒక చీటీ జతచేయవచ్చు. ఆ ప్రాక్సీ నమ్మదగినదని ముందే జాబితాలో చేర్చుకుంటే, అపార్ట్‌మెంటుకి కాకుండా ఫ్లాటుకే తాళం వేయవచ్చు. ఎవరి చీటీ పడితే వారిది నమ్మితే అల్లరివాడు దొంగచీటీ రాసుకొస్తాడు. అందుకే జాబితా.

అయితే నా దృష్టిలో అసలు కష్టం సాఫ్ట్‌వేర్‌ది కాదు, మనుషులది. అమెరికాలో ఉంటున్న వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియానే చూడండి. అక్కడ అందరూ కూర్చుని మాట్లాడుకునే చోటుకి పెట్టుకున్న పేరు రచ్చబండ! నిర్వాహకులకి జీతం లేదు, వాళ్ళని ఎన్నుకునేదీ తోటివాళ్ళే. పేజీని తొలగించే అధికారం, మనిషిని నిరోధించే అధికారం వాళ్ళ చేతిలో ఉంటాయి. అందుకే ముందు చర్చాపేజీలో మాట్లాడాలి, నిరోధిస్తే కారణం రాయాలి, గడువు పెట్టాలి. ఈ మూడింటిలో కారణం రాయడమే గొప్పదని నేనంటాను. ఉద్యోగంలో పై అధికారులు కూడా ఇంత ఓపిక పట్టరు!

పైగా మనకి పని ఎక్కువ. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. వేల గ్రామాల పేజీల్లో జిల్లా పేరు మార్చాలి. పాత జిల్లా పేరు ఉంచాలా, తీసేయాలా? సొంత ఊరి మాట వస్తే ఎంత నెమ్మదస్తుడికైనా గొంతు లేస్తుంది.

పిల్లలూ, ఈ సెలవుల్లో అమ్మమ్మగారి ఊరి పేజీ తెరిచి చూడండి. మండలం, జిల్లా సరిగ్గా ఉన్నాయో లేదో అమ్మమ్మనే అడగండి. తప్పుంటే ఒక ఖాతా తెరిచి, ఆధారం చూపించి మీరే దిద్దండి. ఎవరైనా దాన్ని వెనక్కి తిప్పేస్తే, మళ్ళీ తిప్పకుండా చర్చాపేజీలో "ఎందుకండీ?" అని అడగండి.